బెల్టు బలాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్న డాక్టరు

కారెక్కగానే భుజం మీదుగా లాగి నడుం పక్కన టక్కుమని బిగిస్తామే, ఆ పట్టీ మనిషిని కాపాడుతుందని మొదట్లో చాలామందికి నమ్మకం లేదు. ప్రమాదంలో అది ప్రాణం నిలబెడుతుందా, లేక తానే పొట్టను కోసేస్తుందా అన్నది తేల్చడానికి ఒక డాక్టరు తన ఒళ్లే పణంగా పెట్టారు. ఆ పనిలో ఆయన పక్కటెముకలు చిట్లాయి. మణికట్టు రెండుసార్లు విరిగింది. కళ్లలో రక్తం కమ్మింది. ఆయనే కర్నల్ జాన్ పాల్ స్టాప్. 1955 సెప్టెంబరులో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఆ రోజుల్లో అమెరికాలో ఇంటింటా తెలిసిన పేరు. మన దగ్గర మాత్రం వైద్య విద్యార్థులు కూడా ఆయన గురించి చదవరు. ఆయన చూపిన దారిని మనం రోజూ భుజాన వేసుకుంటున్నాం, లేదా వేసుకోకుండా వెళ్తున్నాం.

స్టాప్ 1910 జులై 11న బ్రెజిల్‌లోని బహియాలో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వెళ్లిన బాప్టిస్టు మిషనరీలు. పెద్ద చదువుల కోసం టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో చేరారు. మొదట మనసు సాహిత్యం మీదే. 1928 క్రిస్మస్ సెలవుల్లో బంధువుల ఇంట్లో పసివాడొకడు పాకుతూ వెళ్లి చలిమంటలో పడ్డాడు. వరసకు తమ్ముడు. స్టాప్ ఆ బిడ్డ పక్కనే ఉండి రెండు మూడు రోజులు సేవ చేశారు. బిడ్డ దక్కలేదు. డాక్టరు కావాలని ఆయన నిర్ణయించుకున్నది అప్పుడే.

నిర్ణయం సరే, డబ్బేది? మెడికల్ కాలేజీ ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేదు. 1931లో డిగ్రీ, మరుసటి ఏడాది ఎంఏ అయ్యాక ఒక చిన్న కాలేజీలో కెమిస్ట్రీ, జువాలజీ పాఠాలు చెప్పారు. తర్వాత బయోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేశారు. 1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా చేతికొచ్చేసరికి వయసు 34 దగ్గర పడింది. నీట్ రెండోసారి రాసే పిల్లల్ని చూసి దిగులు పడే తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవచ్చు. అదే ఏడాది ఆయన సైన్యంలో డాక్టరుగా చేరారు.

రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళాన్ని ఒక విషయం వేధించింది. కూలిన విమానంలో కాక్‌పిట్ బాగానే మిగిలేది, అందులోని పైలట్ మాత్రం చనిపోయి ఉండేవాడు. సీటు ఊడిపోయేది, లేదా బెల్టు తెగిపోయేది. ఇంకాస్త గట్టి సీటు, గట్టి బెల్టు ఎందుకు పెట్టలేదంటే దాని వెనక ఒక నమ్మకం ఉంది.

బస్సు సడన్ బ్రేకు వేస్తే ముందుకు తూలుతాం కదా. ఆ తోసే బలాన్ని జీ అనే కొలతలో చెబుతారు. మన బరువంత బలం పడితే ఒక జీ. 70 కిలోల మనిషి మీద 10 జీలు పడితే 700 కిలోలు మీద పడ్డట్టు. 18 జీలు దాటితే మనిషి బతకడని ఆ రోజుల్లో నమ్మేవారు. విమానాల్లో సీట్లూ బెల్టులూ ఆ లెక్కకే కట్టేవారు. అంతకు మించితే ఎలాగూ పోతాడు, గట్టి సీటు దండగ అన్నమాట. ఆ 18 నిజమా కాదా అని మనిషి మీద సరిగా పరీక్షించి చూసినవాళ్లు లేరు.

1947లో కాలిఫోర్నియా ఎడారిలోని మ్యూరాక్ వైమానిక స్థావరంలో, తర్వాత ఎడ్వర్డ్స్‌గా పేరు మారిన చోట, స్టాప్ ఆ పని మొదలుపెట్టారు. రైలు పట్టాల్లాంటి పట్టాలు, వాటి మీద రాకెట్లు తోసే బండి, చివర బలమైన బ్రేకులు. ముందు బొమ్మను కూర్చోబెట్టి నడిపారు. ఆ డిసెంబరులో తానే ఎక్కారు. వేరే మనిషిని ఎక్కించే ముందు డాక్టరు ఎక్కాలన్నది ఆయన పట్టుదల. మొదట వెనక్కి తిరిగి కూర్చుని, తర్వాత ముందుకు తిరిగి కూర్చుని, ఒక్కో రాకెట్ పెంచుకుంటూ వెళ్లారు. కొన్నేళ్లలోనే 35 జీలు దాటారు. 18 జీల నమ్మకం అక్కడితో చెల్లిపోయింది. బాగా బిగించి కట్టిన మనిషి శరీరం మనం అనుకున్నదానికంటే చాలా గట్టిదని, విమానం కూలినప్పుడు పైలట్ల ప్రాణం తీస్తున్నది దెబ్బ ఒక్కటే కాదు, సీటూ పట్టీ వదిలేయడమూనని తేలింది.

ఈ మధ్యలో ఒక పిట్టకథ. 1949లో మర్ఫీ అనే ఇంజినీరు తెచ్చిన కొలత పరికరాలను తిరగేసి బిగించడంతో ఒక పరీక్షలో ఏమీ నమోదు కాలేదు. తప్పు జరగడానికి వీలుంటే అది జరిగే తీరుతుందన్న మర్ఫీ సూత్రం ఆ జట్టులో పుట్టినదే. దాన్ని విలేకరులకు చెప్పి లోకానికి పరిచయం చేసింది స్టాప్. ఆయన దాన్ని హాస్యానికి వాడలేదు. తప్పు జరుగుతుందని ముందే అనుకుని, దానికి సిద్ధంగా ఉండాలన్నది ఆయన పద్ధతి. సీటు బెల్టు వెనక ఉన్న ఆలోచనా ఇదే. డ్రైవరు ఎంత మంచివాడైనా ఎదుటి లారీ డ్రైవరు నిద్రపోవచ్చు.

ఆ ఎడారిలో సైనికుల భార్యాపిల్లలకు వైద్యం సరిగా అందేది కాదు. పగలంతా రాకెట్ బండి దగ్గర గడిపిన స్టాప్ డ్యూటీ అయ్యాక వాళ్ల ఇళ్లకు వెళ్లి ఉచితంగా చూసేవారు. సాహసికుడిగా ఆయన్ని పొగిడే వ్యాసాల్లో ఈ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. నాకు మాత్రం రాకెట్లతో సమానంగా ఇదీ నచ్చుతుంది.

1954 డిసెంబర్ 10. న్యూమెక్సికోలోని హాలోమన్ స్థావరం. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. బండి వెనక తొమ్మిది రాకెట్లు. ఈసారి చూపు పోవచ్చని ఆయనకు అనుమానం ఉంది. అందుకే చీకట్లో బట్టలు వేసుకోవడం ముందుగానే అలవాటు చేసుకున్నారు. రాకెట్లు అంటుకున్న ఐదు సెకన్లలో వేగం గంటకు 1,017 కిలోమీటర్లకు చేరింది. పట్టాల మధ్య నిలిపిన నీళ్లు బ్రేకు పనిచేశాయి. దాదాపు 1.4 సెకన్లలో బండి ఆగిపోయింది. గరిష్ఠంగా 46.2 జీలు పడ్డాయి. సుమారు 76 కిలోల మనిషి ఆ క్షణంలో మూడున్నర టన్నుల బరువయ్యాడు. నాలుగు చిన్న కార్లు పట్టీల మీద వేలాడినట్టు. కళ్లలో రక్తనాళాలు చిట్లి కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత చూపు తిరిగొచ్చింది. కళ్ల చుట్టూ నల్లగా కమిలిపోయింది. అంతే. ఎముకలూ గుండే మెదడూ నిలిచాయి. ఆయన ఎక్కిన చివరి బండి అదే.

దీని తర్వాత ఆయన చేసింది నా దృష్టిలో ఇంకా పెద్ద పని. వైమానిక దళంలో చావుల లెక్కలు తిరగేస్తుంటే విమానాలు కూలి పోతున్నవాళ్లకు తీసిపోకుండా సొంత కార్ల ప్రమాదాల్లోనూ పోతున్నారని ఆయన గమనించారు. లక్షలు పోసి తయారుచేసిన పైలట్ ఆకాశంలో క్షేమంగా ఉండి, సెలవు రోజున ఊరి రోడ్డు మీద చనిపోతున్నాడు. స్టాప్ పాత కార్లు తెప్పించి గోడలకు గుద్దించడం మొదలుపెట్టారు. కార్లతో వైమానిక దళానికి పనేంటని పైవాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆయన చావుల లెక్కలు వాళ్ల ముందు పెట్టారు. 1955 మేలో హాలోమన్‌కు కార్ల కంపెనీలవాళ్లను, పరిశోధకులను, డాక్టర్లను పిలిచి మొదటి కారు ప్రమాదాల సదస్సు పెట్టారు. రెండేళ్లకు అమెరికా పార్లమెంటు ఉపసంఘం ముందు కూడా వాంగ్మూలం ఇచ్చారు.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. స్టాప్ కట్టుకున్నది పైలట్ల పట్టీల సెట్టు. దాన్ని కారులో రోజూ ఎవరు కట్టుకుంటారు? ఒక్క చేత్తో, ఒక్క లాగుతో పెట్టుకునే మూడు బిందువుల బెల్టును 1959లో స్వీడన్‌లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ తయారుచేశారు. ఆయనా అంతకుముందు విమానాల్లో పైలట్లను బయటకు విసిరే సీట్ల మీద పనిచేసినవాడే. ఆ పేటెంటును మిగతా కంపెనీలూ వాడుకునేలా వోల్వో వదిలేసింది.

ఆ బెల్టు రెండు చోట్ల మనిషిని పట్టుకుంటుంది. ఒకటి కటి ఎముక, రెండోది ఛాతీ మీదుగా భుజం ఎముక. రెండూ గట్టి ఎముకలే, బలాన్ని తట్టుకోగలవు. బెల్టు లేకపోతే ఏమవుతుందో చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు చెట్టును గుద్దితే కారు ఆగుతుంది, మీరు ఆగరు. అదే 60తో ముందుకు వెళ్లి స్టీరింగునో అద్దాన్నో ముందు సీటునో గుద్దుకుంటారు. నాలుగో అంతస్తు మీద నుంచి కింద పడ్డంత దెబ్బ. 80లో అయితే ఎనిమిదో అంతస్తు. అక్కడితో అయిపోదు. శరీరం ఆగాక లోపలి అవయవాలు ఇంకా కదులుతుంటాయి. మెదడు పుర్రెను కొడుతుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం చిరగవచ్చు. కాలేయం, ప్లీహం పగలవచ్చు. పైకి గీత కూడా కనబడని మనిషి గంటలో కుప్పకూలడం దీనివల్లే.

అమెరికాలో కార్లకు భద్రతా ప్రమాణాలు నిర్దేశించే చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ 1966 సెప్టెంబర్ 9న సంతకం చేసినప్పుడు స్టాప్ ఆ గదిలో ఉన్నారు. 1968 నుంచి కొత్త కార్లన్నింటికీ బెల్టులు తప్పనిసరయ్యాయి. కథ సుఖాంతం అనుకుంటాం. కాలేదు. బెల్టు ఉండాలని చట్టం చెప్పింది, పెట్టుకోవాలని చెప్పలేదు. 15 ఏళ్లు గడిచాక, 1983లో లెక్క చూస్తే పెట్టుకుంటున్నవాళ్లు వందకు 14 మంది. మిగతా 86 మంది దాని మీద కూర్చుంటున్నారు. అంతకాలం ప్రచారాలు జరుగుతూనే ఉన్నాయి.

పెట్టుకోవడం తప్పనిసరి అన్న చట్టం ముందుగా వచ్చింది ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, 1970లో. బ్రిటన్‌లో ముందు సీట్లకు 1983లో వచ్చింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1984లో మొదలుపెట్టింది. అన్నిచోట్లా ఒకే అభ్యంతరం. నా కారు, నా ప్రాణం, మధ్యలో ప్రభుత్వం ఎందుకు? న్యూహాంప్‌షైర్ అనే రాష్ట్రంలో పెద్దవాళ్లకు ఈ రోజుకూ ఆ చట్టం లేదు. కానీ చట్టాలు వచ్చిన మిగతా అమెరికాతో కలిపి చూస్తే ఇప్పుడు వందకు 90 మంది పెట్టుకుంటున్నారు. మనుషులు మారలేదు. అలవాటు మారింది, దాన్ని మార్చింది జరిమానా భయం.

ఆ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. నా బీపీ మాత్ర నేను వేసుకోకపోతే పోలీసు వచ్చి చలాన్ రాయడు. మరి బెల్టుకెందుకు? తేడా ఉంది. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న 70 కిలోల మనిషి గుద్దుకున్న క్షణంలో ముందు సీటు మీదికి ఎగిరొచ్చే బండరాయి. ముందు బెల్టు పెట్టుకుని జాగ్రత్తగా కూర్చున్న భార్యనో కొడుకునో వెనక నుంచి నలిపేసేది ఆ బరువే. అది ఆ ఒక్కడి ప్రాణం సంగతి కాదు.

రెండో సంగతి నా ఓపీలో కనబడుతుంది. నేను సర్జన్ను కాను, ఫిజీషియన్ను. ప్రమాదం జరిగిన రాత్రి చూసేది వాళ్లు. నా దగ్గరికి ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత వస్తారు. తలకు దెబ్బ తగిలాక మొదలైన ఫిట్స్ కోసం, మంచం మీదే ఉండడం వల్ల వచ్చిన పుండ్ల కోసం, మూత్రం గొట్టంతో మళ్లీ మళ్లీ వచ్చే జ్వరం కోసం. పక్కన భార్య ఉంటుంది, లేదా చదువు మానేసిన కూతురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో తలకు పెద్ద గాయమైతే హైదరాబాద్‌కో కర్నూలుకో పరుగెత్తాలి. ఆ దారి ఖర్చులోనే ఎకరమో అరెకరమో అమ్ముడుపోతుంది. నా ప్రాణం నా ఇష్టం అన్నవాడి బిల్లు ఇంట్లో మిగతావాళ్లు కడతారు.

మన దగ్గర చట్టం లేదనుకుంటే పొరపాటు. కార్లకు ముందు సీట్ల బెల్టులు 1994 నుంచి, వెనక సీట్లకు 2002 నుంచి తప్పనిసరి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 138వది వెనక సీట్లో ముందుకు తిరిగి కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలనే చెబుతుంది. 2019 సవరణతో చట్టంలో దీనికి వెయ్యి రూపాయల జరిమానా పెట్టారు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో ఉండేలా చూడాల్సిన బాధ్యతనూ అదే సవరణ పెట్టింది. చట్టం ఉంది. వెనక సీట్లోకి తొంగి చూసేవాళ్లు లేరు.

మన జిల్లాల మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి మీద ఒకసారి గమనించండి. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి దాటి పుల్లూరు టోల్ ప్లాజా దాకా కార్లు నూటికి పైనే పోతుంటాయి. అలంపురానికి, మంత్రాలయానికి, తిరుపతికి వెళ్లే కుటుంబాలు. నాగర్‌కర్నూల్ వైపు నుంచైతే శ్రీశైలానికి. ముందు నాన్న, బెల్టు ఉంటుంది, టోల్ దగ్గర పోలీసులుంటారని. వెనక అమ్మ, నానమ్మ, ఒళ్లో పాప, ఎవరికీ ఉండదు. బెల్టు పెట్టుకోకపోతే కూత పెడుతుందని ఒట్టి క్లిప్పు కొనుక్కొచ్చి బకిల్‌లో గుచ్చేవాళ్లున్నారు. ఇంట్లో పొగ వస్తే మోగే అలారం నోట్లో గుడ్డ కుక్కడం లాంటిదది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటిని ఆన్‌లైన్ అమ్మకాల నుంచి తీసేయించింది.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్కలో అందులో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు. డ్రైవర్లు 8,384, పక్కన, వెనక కూర్చున్నవాళ్లు 8,331. దాదాపు సగం సగం. ప్రమాదం డ్రైవరుకే అనుకునేవాళ్లు ఈ రెండో అంకె చూడాలి. అదే ఏడాది సెప్టెంబరులో మహారాష్ట్రలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా చనిపోయారు. మన తెలుగువాళ్లకు గుర్తుండేవి ఇంకా ఉన్నాయి. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ సొంతంగా నడుపుతున్న కారు డివైడర్ను గుద్దింది. బెల్టు పెట్టుకోని ఆయన కారు బయటికి ఎగిరిపడ్డారు. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం వల్ల కారు పల్టీ కొట్టి శోభా నాగిరెడ్డి చనిపోయారు. రోడ్డు మీద వడ్లు ఆరబోయడం మన పల్లెల్లో ఇప్పటికీ చూస్తున్నాం. కారు పల్టీ కొట్టినప్పుడు లోపల ఉండగలగడమే బతికే అవకాశం. బయటికి పడ్డవాడికి తారు రోడ్డు, డివైడరు, తన కారే శత్రువులు.

చట్టం గురించి ఒక్క మాట నిష్ఠూరంగా. అది కారున్నవాళ్లకే. పత్తి చేలకు కూలీలను కుక్కి తీసుకెళ్లే ఆటోలో, ట్రాలీలో పెట్టుకోవడానికి బెల్టే లేదు. ఆ ప్రాణాలకు ఈ చట్టం ఏమీ చేయలేదు. దానికి బస్సులు కావాలి, బండికి ఎంతమంది అన్న నిబంధన గట్టిగా అమలు కావాలి. కారున్న మనం మాత్రం బెల్టు లేదని చెప్పలేం.

ఇంట్లో అడిగే ప్రశ్నలు కొన్ని. గర్భిణులు పెట్టుకోవచ్చా? పెట్టుకోవాలి. కింది పట్టీ పొట్ట మీద కాదు, పొట్ట కింద, తొడల మొదట్లో కటి ఎముక మీద ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్టకు పక్కగా పోవాలి. పొట్ట ఉన్న మగవాళ్లకూ ఇదే. మెత్తటి పొట్ట మీద బిగిస్తే పేగులకు దెబ్బ. ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా? అది బెల్టుకు తోడు, బదులు కాదు. బెల్టు లేని మనిషి విచ్చుకుంటున్న బ్యాగ్ మీదికే దూసుకెళ్తాడు. చంటిబిడ్డను ఒళ్లో గట్టిగా పట్టుకుంటే చాలదా? చాలదు. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దితే పది కిలోల పాప ఆ క్షణంలో క్వింటాలుకు పైగా తూగుతుంది. ఏ తల్లి చేతులూ ఆపలేవు. పాపను తనతో కలిపి ఒకే బెల్టులో కట్టుకోవడం ఇంకా ప్రమాదం, తల్లి బరువు పాపను నలిపేస్తుంది. పిల్లల సీటు కొనాలి, దాన్ని వెనక సీట్లో బిగించాలి. బర్త్‌డే ఫంక్షన్ హాలు ఖర్చులో అది కొంత.

స్టాప్ 1957లో లిలియన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె బ్యాలే నర్తకి. 1970లో వైమానిక దళం నుంచి విరమణ పొందారు. 1991లో అమెరికా ప్రభుత్వం జాతీయ టెక్నాలజీ పతకం ఇచ్చింది. అన్ని జీలు మోసిన ఆ శరీరం 89 ఏళ్లు బతికింది. 1999 నవంబర్ 13న ఆలమొగోర్డోలోని ఇంట్లో కన్నుమూశారు. హాలోమన్ పట్టాలు అక్కడికి దగ్గరే. 1955లో ఆయన మొదలుపెట్టిన సదస్సు ఆయన పేరుతోనే ఏటా జరుగుతోంది. ఇప్పుడు అక్కడ చర్చించే విషయాల్లో వృద్ధుల పక్కటెముకలు బెల్టు ఒత్తిడిని ఎంత తట్టుకుంటాయన్నది ఒకటి, వెనక సీటు ఇంకొకటి.